కౌజు పిట్టలకు నీళ్లు: జాడీ, తొట్టి, నిపుల్... ఏది మేలు?

"బావా, ఇంకా ఈ జాడీలు కడుగుతూనే ఉన్నావా? నిపుల్ లైను వేయించు. ఇక కడగడం అనే మాటే ఉండదు" అన్నాడు మా బావమరిది, కంకిపాడు దగ్గరి నా షెడ్డులో కాలు పెట్టీపెట్టగానే. నిపుల్ అంటే పిట్ట ముక్కుతో తాకితే చుక్క వదిలే సూది; అవి వరుసగా బిగించిన పైపు నిపుల్ లైను. అతనిది నంబూరు వైపు రెండు వేల పిట్టల పెంపకం. నాది వెయ్యి దాటదు. అప్పుడు నా చేతిలో బ్రష్షు, ముందు పళ్లెం మీద బోర్లించి నీళ్లు పెట్టే జాడీలు పద్దెనిమిది, పక్కన వాటిలోంచి తీసిన పచ్చటి బంక. ఎదురు మాట్లాడే పరిస్థితి కాదు. ఆరు నెలల తర్వాత అతని షెడ్డులో పైపు చివరి మూత తిప్పి చూసినప్పుడు గానీ ఆ మాటకు జవాబు దొరకలేదు. ఆ సంగతికి వస్తాను. ముందు పిల్లల దగ్గర మొదలుపెట్టాలి.

మనం అందరం కౌజు అని పిలుస్తున్నది జపనీస్ క్వెయిల్‌ని. నిఘంటువు తెరిస్తే కౌజు వేరు, పూరేడు వేరు. ఇది పూరేడు జాతి. అంగడిలో పడిపోయిన పేరు మారదు కాబట్టి నేనూ కౌజు అనే రాస్తాను. బ్రిటన్‌లో వేట సరదా కోసం ఫెజెంట్ అనే పక్షులను ఏటా కోట్ల సంఖ్యలో పెంచి అడవుల్లోకి, పొలాల్లోకి వదులుతారు. మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు ఆ ముచ్చటకు చోటు లేదు; ఇక్కడ పెంచేది కూరకూ గుడ్డుకూ. ఎందుకు పెంచినా, అడవిలో చెదిరి బతికే పక్షిని వందల లెక్కన ఒకచోట కూర్చితే ఒకటి వేసిన రెట్ట ఇంకొకటి తాగే నీళ్లలో పడుతుంది. నీళ్ల పాత్ర గురించి ఇంత వాదన అందుకే.

పదిహేడు, పద్దెనిమిది రోజులు పొదిగితే బయటికి వచ్చే పిల్ల ఏడెనిమిది గ్రాములు తూగుతుంది. బొటనవేలి కణుపంత ఉంటుంది. కోడిపిల్లల జాడీ కింది పళ్లెంలో అర అంగుళం నీళ్లున్నా దానికి అది చెరువే. నా మొదటి బ్యాచ్‌లో తొలి తెల్లవారుజామున ఇరవై మూడు పిల్లలు పోయాయి. ఒక్కదానికీ రోగం లేదు. నీళ్లలోకి దిగినదాన్ని వెనక వచ్చినవి తొక్కేశాయి. ఒడ్డున పడ్డవి కూడా తడిసిన ఒంటితో బల్బు కిందే బిగుసుకుపోయాయి. అప్పటి నుంచి పళ్లెం నిండా గోలీలు వేస్తాను. పిల్ల గోలీల మధ్య మెరిసే నీటిని పొడిచి తాగుతుంది గానీ అందులో పడదు. గులకరాళ్లు కూడా వేయవచ్చు, కానీ వాటి గరుకులో బంక చేరితే వదలదు. గాజు గోలీ ఒక్క తోముడుకు శుభ్రమవుతుంది. గోలీలాడే పిల్లలు ఊళ్లో కనిపించడం లేదు గానీ కొట్లో గోలీలు మాత్రం ఇంకా దొరుకుతున్నాయి.

మొదటి పది రోజులకు జాడీనే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. పుట్టిన పిల్లకు నిపుల్ అలవాటు చేసేవాళ్లు ఉన్నారు, కింద చిన్న గిన్నె ఉన్న రకం దొరుకుతుంది. కానీ అయిదు వారాలకు అమ్ముడుపోయే పక్షి ఇది. నేర్చుకోవడంలో రెండు రోజులు దాహంతో గడిపితే ఆ లోటు బరువులో కనిపిస్తుంది. జాడీలో ఉన్న కష్టమల్లా బ్రూడర్ (బల్బులతో పిల్లలకు వెచ్చదనమిచ్చే గూడు) వేడికి నీళ్లు పూటలోనే చెడడం. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పారబోసి, తోమి, కొత్తవి పోయాలి. తగ్గినంత మేర పైనుంచి నింపితే పాత బంకకు కొత్త నీళ్లు పోసినట్టే.

అసలు పోటీ పదకొండో రోజున మొదలవుతుంది.

తొట్టి అంటే మనవాళ్లు చేసేది మూడంగుళాల పీవీసీ పైపును నిలువునా చీల్చి, రెండు చివరలూ మూసి, పంజరం ముందు తగిలించడం. చవక. కరెంటు, ఒత్తిడి, ఫిల్టరు ఏదీ అక్కరలేదు. నీళ్లు ఎంత ఉన్నాయో, ఎలా ఉన్నాయో నడుచుకుంటూ పోతుంటేనే తెలుస్తుంది. మే నెల మధ్యాహ్నం పిట్టలన్నీ ఒక్కసారే వరుసగా నిలబడి తాగగలవు, ముఖం తడుపుకోగలవు. బెజవాడ ఎండలో ఇది చిన్న సుఖం కాదు.

దీనికి బదులుగా తొట్టి అడిగేది మనిషి ఒళ్లు. కౌజు నోటినిండా దాణా పట్టుకుని నేరుగా వచ్చి నీళ్లలో ముక్కు ముంచుతుంది. సోయా పిండి, మొక్కజొన్న నూక కలిసిన ఆ నీళ్లు నలభై డిగ్రీల వేడిలో సాయంత్రానికి పులిసిన వాసన వేస్తాయి. నేల మీద పెంచితే ఊక కూడా ఎగిరిపడుతుంది, రెట్ట సరేసరి. ఈ జాతికి పేగుల్లో పుండ్లు పడే జబ్బు ఒకటి ఉంది. క్లాస్ట్రీడియం కోలినమ్ అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. ఇంగ్లీషులో ఆ జబ్బుకు క్వెయిల్ పేరే పెట్టారంటే వీటికి ఎంత దగ్గరి చుట్టమో తెలుసుకోవచ్చు. అది పాకే దారి రెట్ట నుంచి నోటికి. బాహాటంగా ఉన్న తొట్టి ఆ దారిని తారురోడ్డు చేస్తుంది. రోజుకు రెండుసార్లు కడిగే మనిషి ఉంటేనే తొట్టి. ఒకసారి కడిగి సరిపెట్టేవాళ్లు ఆ పైపును ఇంటి చూరుకు వాన నీళ్ల కోసం కట్టుకోవడం మేలు.

గంటలా వేలాడే బెల్ డ్రింకర్ గురించి ఎక్కువ చెప్పను. అది కోళ్ల కోసం పుట్టింది, గిన్నీ కోళ్లకూ బాగానే సరిపోతుంది. కౌజులు దాని గోపురం మీదికెక్కి కూర్చుంటాయి. తర్వాత జరిగేది ఊహించుకోండి.

ఇక నిపుల్. నీళ్లు మూసిన పైపులోనే ఉంటాయి. పిట్ట కింది నుంచి ముక్కుతో సూదిని కదిపితే చుక్క జారుతుంది. రెట్ట పడదు, దాణా పడదు. పక్షి నుంచి పక్షికి నీటి ద్వారా రోగం పాకే దారి చాలా వరకు మూసుకుపోతుంది. ఇది చిన్న లాభం కాదు. నన్ను చివరికి దీని వైపు మళ్లించింది ఇదొక్కటే. అయితే కొనేటప్పుడు పొరపాటు జరిగే చోటు ఒకటుంది. కోళ్లకు చేసిన గట్టి రకంలో సూది పైకి తోస్తేనే కదులుతుంది. నూటయాభై గ్రాముల పిట్ట ముక్కుకు అది లొంగదు. పక్కలకు తాకినా కదిలే మెత్తని రకం అడిగి తీసుకోవాలి. ఆరేడు పిట్టలకు ఒకటి చొప్పున పెట్టి, పిట్ట మెడ చాచి కొద్దిగా పైకి చూసి తాగే ఎత్తులో లైనును కట్టాలి. కిందికి ఉంటే వీపు తగిలి నీరు కారుతుంది. ఊక తడిస్తే అమ్మోనియా ఘాటు, ఈగలు, వాటి వెంట పేగుల్ని పాడుచేసే కాక్సీడియా అనే పరాన్నజీవి. ఈ కాక్సీడియా గుడ్డు తడిలోనే పండుతుంది, క్లోరిన్‌కు చావదు.

డాబా మీది ట్యాంకు నుంచి నేరుగా గొట్టం దింపడం ఇంకో పొరపాటు. అంత ఎత్తు నుంచి వచ్చే ఒత్తిడికి నిపుళ్లు ఏకధారగా కారతాయి. పంజరం పై వరుసకు కాస్త ఎత్తులో మూత, నిండగానే నీళ్లను ఆపే ఫ్లోట్ వాల్వు ఉన్న చిన్న ట్యాంకు పెట్టి, లైనుకు నీళ్లు దాని నుంచి ఇవ్వాలి.

ఇప్పుడు ఆ మూత కథ. నంబూరు షెడ్డులో పిట్టలు సరిగా తాగడం లేదు, గుడ్లు తగ్గాయి అని మా బావమరిది ఫోను చేస్తే వెళ్లాను. నిపుళ్లన్నీ చుక్క వదులుతూనే ఉన్నాయి. పైపు తెల్లగా మెరిసిపోతోంది. చివరి మూత తిప్పి స్టీలు గ్లాసు పెట్టాను. మొదట గోధుమరంగు నీళ్లు, తర్వాత చిక్కటి గంజి లాంటిది, దాని వెనక జిగురు ముద్ద ఒకటి జారింది. బోరు నీళ్లలోని ఇనుము చిలుముగా గోడకు పట్టింది. విటమిన్ల కోసం కలిపిన తీపి మందు దాని మీద సూక్ష్మజీవులకు విందు చేసింది. ఆరు నెలల పంట అది.

"ఇన్నాళ్లూ ఇదే తాగాయా?" అన్నాడు.

"కడగడం అనే మాటే లేదన్నావుగా" అన్నాను. ఇలాంటి అవకాశాన్ని ఏ బావ వదులుకుంటాడు?

తొట్టి తన మురికిని బయట పెట్టి మనల్ని తిడుతుంది. నిపుల్ దాన్ని కడుపులో దాచుకుని మర్యాదగా నిలబడుతుంది. పని తగ్గే మాట నిజమే: రోజూ గంటన్నర పట్టేది వారానికి అరగంటకు దిగుతుంది. కానీ ఆ అరగంట ఎవరూ గుర్తుచేయరు. వారానికోసారి చివరి మూత తీసి నీళ్లు జోరుగా వదలాలి. బ్యాచ్ అమ్ముడై షెడ్డు ఖాళీ అయినప్పుడు సిట్రిక్ యాసిడ్ నీళ్లు లైనులో రాత్రంతా నిలబెట్టి, మర్నాడు పూర్తిగా పారబోయాలి. చిలుము దానికే వదులుతుంది. ఆ యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు వస్తుంది. అది పిట్టల కంటే ముందు మనల్ని పడేస్తుంది.

ఎండాకాలంలో రెండింటికీ పరీక్షే. పెద్ద కౌజు రోజుకు పాతిక గ్రాముల దాకా తింటుంది, నీళ్లు దానికి రెట్టింపు తాగుతుంది. వెయ్యి పిట్టలకు మామూలు రోజుల్లో యాభై లీటర్లు అనుకుంటే, రోహిణి కార్తెలో అది దాదాపు రెట్టింపు కావచ్చు. సన్నటి పైపులో కదలకుండా ఉన్న నీరు రేకు కింద కాగి, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. పిట్ట తాగడం మానేసి నోరు తెరిచి రొప్పుతుంది. అందుకే నిపుల్ ఉన్నవాళ్లు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య రెండు మూడుసార్లు లైనులోని వేడి నీళ్లు వదిలేయాలి, ట్యాంకుకు గోనెసంచి చుట్టి తడపాలి. ఈ ఒక్క కాలంలో తొట్టి గెలుస్తుందని ఒప్పుకుంటాను. ఇంటి వెనక ఇరవై పిట్టలు పెంచుకునేవాళ్లకైతే మట్టి మూకుడును మించింది లేదు. నీళ్లు చల్లగా ఉంటాయి. మట్టి రంధ్రాల్లో పాచి పడుతుంది కాబట్టి రెండు మూకుళ్లు ఉంచి, ఒకటి ఎండలో ఆరుతుండగా ఇంకొకటి వాడాలి.

పాత్ర ఏదైనా అందులో పోసేది ఏ నీళ్లన్నది ఇంకో లెక్క. బోరు నీళ్లు చూపుకు తేటగా ఉంటాయి, కానీ డెల్టాలో సముద్రం వైపు పోయేకొద్దీ ఉప్పు పెరుగుతుంది. లీటరులో కరిగిన లవణాలు వెయ్యి మిల్లీగ్రాముల లోపు ఉంటే దిగులు లేదు. మూడు వేల దాకా పక్షులు తట్టుకుంటాయి గానీ పైకి పోయేకొద్దీ రెట్ట పలచనవుతుంది. ఆపైన ఆ బోరు పిట్టలకు పనికిరాదు. కాలువ నీటికి ఉప్పు బాధ లేదు, వేరే బాధలున్నాయి. వేసవిలో కాలువ కట్టేస్తారు. వదిలినప్పుడు బురద, పటిక వేస్తే తేరుతుంది, మా అమ్మమ్మ చిల్లగింజ అరగదీసేది. తేరినంత మాత్రాన శుద్ధి అయినట్టు కాదు. కోతలయ్యాక బాతుల మందలు దిగేది ఆ కాలువల్లోకే. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి బాతులు ఈదిన నీళ్లను నేను క్లోరిన్ లేకుండా షెడ్డు గడప దాటనివ్వడం లేదు. క్యాన్ నీళ్లు పోసేవాళ్లనూ చూశాను. ఖర్చు సంగతి అలా ఉంచండి, ఆ క్యాన్ లోపలి గోడను ఒకసారి వేలితో రుద్ది చూడండి.

నా ఓటు ఉప్పులేని బోరుకు, అదీ క్లోరిన్ వేసి. వెయ్యి లీటర్లకు ఏడు గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపితే లీటరుకు రెండు మిల్లీగ్రాముల క్లోరిన్ వస్తుంది. పొడిని ముందు బకెట్లో కలిపి, సున్నం కిందికి దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. ఆ సున్నమే నిపుల్ సూదిలో ఇరుక్కునేది. అరగంట ఆగి వాడాలి. మూత విప్పి నెలలైన పొడిలో ఘాటు ఉండదు, పనీ ఉండదు. క్లోరిన్ ఉందో లేదో ట్యాంకులో కాదు, లైను చివర చూడాలి: చుక్కల మందు వేస్తే పసుపు తేలాలి. టీకాను నీళ్లలో ఇచ్చే రోజున మాత్రం క్లోరిన్ ఆపేయాలి, లేదంటే టీకా అక్కడే చచ్చిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పటిలా బోర్లు మునిగితే, నీళ్లు తీశాక మొదట చేయించాల్సిన పని పరీక్ష. గ్రామాల్లో తాగునీటికి వాడే చిన్న హెచ్2ఎస్ సీసాలు పిట్టలకూ అంతే పనికొస్తాయి: నీళ్లు పోసి రెండు రోజులు ఉంచితే, మలినం ఉన్న నీరు నల్లబడుతుంది.

రెండు వందల లోపు పిట్టలున్నవాళ్లు జాడీతోనే ఉండండి, పైపుల జోలికి పోకండి. అయిదు వందలు దాటి, పంజరాల్లో పెంచేవాళ్లకు నిపుల్ మేలు. చివర మూత ఉన్న లైనే వేయించండి, అతికించి మూసేసే రకం వద్దు. మధ్యలో ఉన్నవాళ్లు ఇంట్లో కడిగే మనిషి ఎవరో చూసుకుని తేల్చుకోవాలి. ఆ మనిషి ఎక్కువసార్లు ఇంటి ఆడవాళ్లే అవుతారు, కొనే నిర్ణయం మాత్రం మగవాళ్లది. ముందు వాళ్లను అడగండి.

నేను కిందటి సంక్రాంతి తర్వాత పంజరాలకు నిపుల్ వేయించాను. పద్దెనిమిది జాడీల్లో ఎనిమిది నా బ్రూడర్‌కు ఉంచుకున్నాను. మిగిలిన పదీ, ఓ సంచీ గోలీలూ నంబూరు పంపించాను.