రెండు చక్రాలూ ఒకేవైపు తిరిగితే ఎల్‌ఎస్‌డీ అయిపోదు మహాప్రభో

మారుతి జిప్సీ జీపు సామాన్లమ్మే ఆ పెద్దమనిషి నిన్న మళ్ళీ పోస్టు పెట్టాడు. పేరు రాయను, ఎవరో మీకు తెలుసు. "ర్యాలీ బండి నుంచి తీసిన ఎల్‌ఎస్‌డీ, సూపర్ కండిషన్" అట. ఎల్‌ఎస్‌డీ అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, ఒక చక్రం జారినా రెండోదాన్ని కూడా తిప్పే వెనక గేర్ల పెట్టె. నాకు అమ్మినప్పుడు పంపిన ఫొటోనే. ధర మాత్రం 38 వేల నుంచి 42 వేలైంది. కింద ఎవరో పిల్లాడు అప్పుడే "అన్నా, నంబర్ పెట్టండి" అని అడిగేశాడు. ఆగు తమ్ముడూ, ముందు ఇది చదువు.

నాది 1999 జిప్సీ కింగ్. మారేడుమిల్లి వైపు వెళ్ళినప్పుడల్లా బురదలో ఒక వెనక చక్రం గిర్రున తిరగడం, నేల మీదున్న రెండోది చోద్యం చూడటం. మామూలు డిఫరెన్షియల్ జబ్బే అది. మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది, కానీ ఒకటి జారితే తిరుగుడంతా దానికే పోతుంది. ఎల్‌ఎస్‌డీ వేయిద్దామనుకున్నాను, ఇతను దొరికాడు. ఫోన్లో "సార్, సార్" అని ఎంత మర్యాదో! హైదరాబాద్ వెళ్ళాను. షెడ్డులో ఒక జిప్సీకి బిగించి ఉంది. వెనక రెండు చక్రాలూ జాకీల మీద లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఎడమ చక్రం చేత్తో తిప్పాడు. కుడిదీ అటే తిరిగింది. "చూశారా సార్, మామూలుదైతే రెండోది ఎదురు తిరగాలి. ఇది ఎల్‌ఎస్‌డీ." నేను తలూపాను. మెకానికల్ ఇంజనీరింగ్‌లో డిఫరెన్షియల్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న ఘనుణ్ణి మరి. డబ్బు అక్కడే లెక్కపెట్టి ఇచ్చాను, చాయ్ తాగించాడు.

రాజమండ్రి తెచ్చి బిగించాక మొదటి యూ టర్న్‌లోనే టైరు కీచుమంది. స్టీరింగ్ తిప్పుతుంటే బండి తిరగనని మొరాయిస్తోంది, ముందుకే తోసుకుపోతోంది. ఫోన్ చేస్తే, "ఎల్‌ఎస్‌డీ అంటే అలాగే ఉంటుంది సార్, స్పెషల్ ఆయిల్ పొయ్యాలి, నేను పంపిస్తా" అన్నాడు. 1,200 రూపాయలు. క్లచ్ ప్లేట్లున్న ఎల్‌ఎస్‌డీకి ప్రత్యేకమైన ఆయిల్ కావాలన్న మాట నిజమే, అందుకే నమ్మాను. పోశాను. కీచులాట తగ్గలేదు. "500 కిలోమీటర్లు తిరిగితే సెట్ అవుతుంది" అన్నాడు. సరే, తిరిగాను. ఆ తిరుగుడులోనే వానలో ఘాట్ మలుపు దగ్గర బండి తిరగక నేరుగా పోయి ముందు చక్రం కాలవలో దిగింది. పక్కన మా ఆవిడ. ఆ తర్వాత ఏం వినాల్సి వచ్చిందో ఇక్కడ రాయను.

పోయిన శనివారం కోటిపల్లి బస్టాండ్ దగ్గర బండి వెనక్కి తిప్పుతుంటే వెనకాల 'ఠప్'మని చప్పుడు. నెమ్మదిగా మెకానిక్ షెడ్డు దాకా నడుపుకెళ్ళాను. ఆయన కుడివైపు యాక్సిల్ షాఫ్ట్, అంటే డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్ళే ఇరుసు కడ్డీ, లాగితే పూర్తిగా రాలేదు, లోపలి పళ్ళ దగ్గర తెగిపోయింది. ఆయన నా వైపు వింతగా చూశాడు. "షాఫ్ట్ తెగితే బండి ఎలా నడిచొచ్చిందండీ? మామూలుదైతే అక్కడే ఆగిపోవాలిగా!" డిఫరెన్షియల్ దించాడు. దాని డొప్పకున్న కిటికీలాంటి కంతలోంచి టార్చి వేసి చూపించాడు. లోపలి చిన్న గేర్ల (స్టార్ పినియన్ల) మీద, పక్క గేర్ల మీద ఇంతింత లావు వెల్డింగ్ పూసలు. క్లచ్ ప్లేట్లు లేవు, ఏమీ లేవు. మామూలు డిఫరెన్షియలే, లోపల గేర్లన్నీ కలిపి అతికేశారు. "నాలుగు వెల్డింగ్ రాడ్లు, అరగంట పనండీ" అన్నాడు. అంటే నేను వెల్డింగ్‌కి 1,200 రూపాయల స్పెషల్ ఆయిల్ తాగించానన్నమాట.

అక్కణ్ణుంచే ఫోన్ కొట్టాను. ఈ సంభాషణే నా కడుపు మండిస్తోంది. ముందు "ఎవరు?" అన్నాడు. చెప్పాను. "అది లాక్ డిఫరెన్షియల్." ఎల్‌ఎస్‌డీ అని కదా అమ్మావు అంటే, "లాక్ అయిందా లేదా? బురదలో లాగిందా లేదా?" లాగింది, ఎద్దులా లాగింది, కాదనను. "మరింకేంటయ్యా నీ గొడవ? బండి నడపడం రానోళ్ళకి అమ్మితే ఇలాగే ఉంటది." డబ్బిచ్చేదాకా సార్‌ని, ఇప్పుడు ఏమయ్యా! వెనకాల ఎవరో నవ్వడం కూడా వినిపించింది. ఫోన్ పెట్టేశాడు, నంబర్ బ్లాక్ చేశాడు.

లాక్, అంటే రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరిగేలా బిగించేయడం, చెడ్డదని నేననను. పొలాల్లో, బురద పోటీల్లో తిరిగే బండికి తెలిసి వేయించుకునేవాళ్ళున్నారు. రోడ్డు మీద తిరిగే బండికి అది శిక్ష. జిప్సీ వెనక చక్రాల మధ్య సుమారు 1.3 మీటర్ల దూరం. ఒక్క యూ టర్న్‌లో బయటి చక్రం లోపలిదానికన్నా 4 మీటర్లు ఎక్కువ నడవాలి. ఎల్‌ఎస్‌డీలో ప్లేట్లు జారి ఆ తేడాని సర్దుతాయి. అతికేసిన దాంట్లో సర్దేదేముంది? టైరైనా రోడ్డు మీద ఈడ్చుకుపోవాలి, షాఫ్టైనా తెగాలి. నాకు రెండూ అయ్యాయి.

అతను చూపించిన పరీక్షలో మోసం ఇదీ. రెండు చక్రాలూ లేపితే ప్లేట్ల ఎల్‌ఎస్‌డీ అయినా, వెల్డింగ్‌దైనా ఒకేలా కనబడతాయి. ఒక్క చక్రమే లేపండి. రెండోది నేల మీదే ఉండాలి. ముందు చక్రాలకు రాళ్ళు పెట్టి, గేరు న్యూట్రల్‌లో, ఫోర్ వీల్ డ్రైవ్ ఆపేసి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, లేపిన చక్రం తిప్పండి. హాయిగా తిరిగితే మామూలుది. రాడ్డు వేసి బలంగా తిప్పితే బిగువుగా కదిలితే ప్లేట్ల ఎల్‌ఎస్‌డీ. ఎంత తోసినా కదలకపోతే దండం పెట్టి వచ్చేయండి. 2015 థార్‌లో వచ్చిన మెకానికల్ లాక్ వేరే రకం, అది చేత్తో తిప్పితే మామూలుదానిలాగే ఉంటుంది, దాన్ని ఇలా పట్టుకోలేరు. విప్పి ఉన్న సరుకైతే కిటికీలోంచి టార్చి వేసి చూడండి. నేను ఆ ఒక్క పని చేసి ఉంటే సరిపోయేది.

ఇంకోటి, ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు, వెనక డిఫరెన్షియళ్ళలో క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్ళ నిష్పత్తి కలవాలి. అదైనా కలిసింది నాకు, అతని పుణ్యం.

నా పాత డిఫరెన్షియల్‌ని ఇనుప సామాన్లకి వేయబోతుంటే అప్పట్లో మా ఆవిడే ఆపింది. సోమవారం అదే తిరిగి బిగిస్తున్నారు. ఆ విషయం ఇప్పటికి ఆరుసార్లు గుర్తుచేసింది.