గ్వాదలహారాలో ద్విభాషా క్రైస్తవ అంతర్జాతీయ పాఠశాల: ఇద్దరు పిల్లలను చదివిస్తున్న తండ్రి సమీక్ష

ఐటీ ఉద్యోగం మీద మెక్సికోలోని గ్వాదలహారాకు కుటుంబంతో వచ్చే తెలుగువారికి ఇల్లు వెతుక్కోవడం కంటే బడి వెతుక్కోవడమే పెద్ద పని. ప్రభుత్వ బడుల్లో చదువంతా స్పానిష్‌లోనే సాగుతుంది. మనవేమో రెండేళ్లకే బదిలీ అవుతుందో, పదేళ్లు ఉండిపోతామో తెలియని ఉద్యోగాలు. అందుకే అమెరికన్ పద్ధతిలో ఇంగ్లిషు, స్పానిష్ రెండింటిలోనూ బోధించే ప్రైవేటు పాఠశాలల వైపు చూస్తాము. వాటిలో ప్రొటెస్టెంటు క్రైస్తవులు నడిపేవి ఒక తరహా. అలాంటి ఒక పాఠశాలలో మా అబ్బాయిని మూడో తరగతిలో, అమ్మాయిని కిండర్‌గార్టెన్‌లో చేర్చాము; ఇప్పుడు వాడు తొమ్మిదిలో, ఆమె ఆరులో ఉన్నారు. మేము హిందువులం. నేను చెప్పబోయే వాటిలో చాలా సంగతులు ఈ తరహా బడులన్నిటికీ వర్తించేవే కాబట్టి పాఠశాల పేరు రాయడం లేదు.

చేర్చే ముందు తల్లిదండ్రులకు బోధపడవలసిన మొదటి సంగతి, ఇక్కడ ఒకే ప్రాంగణంలో రెండు చదువులు నడుస్తాయన్నది. ఇంగ్లిషు, గణితం, సైన్సు, బైబిలు అమెరికన్ పాఠ్యక్రమం ప్రకారం ఇంగ్లిషులో చెబుతారు. స్పానిష్ భాష, మెక్సికో చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం ఇక్కడి కేంద్ర విద్యాశాఖ నిర్దేశించిన ప్రకారం స్పానిష్‌లో సాగుతాయి; ఆ శాఖను అందరూ ‘సెప్’ అనే పిలుస్తారు. అమెరికన్ చదువుకు కాగ్నియా, ఏసీఎస్‌ఐ వంటి సంస్థల గుర్తింపు ఉంటుంది, మెక్సికన్ చదువుకు సెప్ గుర్తింపు ఉంటుంది. ప్రోగ్రెస్ రిపోర్టులు కూడా రెండు వస్తాయి. ఒకదానిలో ఏ, బీ, సీ గ్రేడులు, నాలుగు పాయింట్లకు లెక్కగట్టే జీపీఏ. రెండోదానిలో 5 నుంచి 10 వరకు అంకెలు, 6 వస్తే ఉత్తీర్ణత. తరగతి నిర్ణయించే వయసు దగ్గర సెప్ మాటే చెల్లుతుంది. డిసెంబరు 31 నాటికి ఆరేళ్లు నిండే బిడ్డను ఒకటో తరగతిలో కూర్చోబెడతారు. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఈ గడువును సెప్టెంబరు ఆరంభంలోనే ముగిస్తాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో పుట్టిన పిల్లలు చిన్న తరగతుల్లో ఉండగా ఇక్కడి నుంచి టెక్సాస్‌కో మరోచోటికో బదిలీ అయితే ఒక తరగతి వెనక్కి వెళ్లవలసి రావచ్చని తెలిసి ఉండడం మంచిది.

ఇక మతం విషయం. తెలుగు తల్లిదండ్రులు నన్ను గొంతు తగ్గించి అడిగేది దీని గురించే. నిజానికి మిషన్ బడి మనకు కొత్త కాదు. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో పాఠశాల పెట్టిన కాలం నుంచీ అన్ని మతాల కుటుంబాలూ పిల్లలను అలాంటి చోట చదివించుకుంటూనే ఉన్నాయి. మా అమ్మ గుంటూరులో మిషన్ బడిలోనే చదువుకుంది. అయితే మన దగ్గర క్రైస్తవ పిల్లలకు కాటకిజం, తక్కినవారికి మోరల్ సైన్స్ అని విడదీసి కూర్చోబెట్టడం వాడుక. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థల్లో సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధకు కూర్చోబెట్టరాదని రాజ్యాంగంలోని 28వ అధికరణం కూడా చెబుతోంది. మేము చేర్చిన పాఠశాలలో అలాంటి విభజన లేదు. బైబిలు అందరికీ ఉన్న సబ్జెక్టు, దాని మార్కులు జీపీఏలో కలుస్తాయి, వారానికొకసారి చాపెల్‌కు, అంటే ప్రార్థన సభకు, అందరూ వెళ్లాలి. దరఖాస్తుతో పాటే పాఠశాల విశ్వాస ప్రకటనను చదివించి, ఈ బోధ తమ బిడ్డకు అందడానికి అభ్యంతరం లేదని తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకుంటారు. దాపరికం లేని ఆ పద్ధతి నాకు నచ్చింది. మా పిల్లలను మతం మారమని ఎవరూ అడగలేదు, ప్రార్థనలో కళ్లు మూసుకోలేదని ఎవరూ మందలించలేదు. అమ్మాయి 23వ కీర్తనను ఇంగ్లిషులోనూ స్పానిష్‌లోనూ అప్పజెబుతుంటే, వీడియో కాల్‌లో మా అమ్మ అదే కీర్తనను తెలుగులో అందుకుంది. అది విని నవ్వుకున్నాము గాని, ఇలాంటి సందర్భాన్ని తేలిగ్గా తీసుకోలేని కుటుంబాలు ఈ తరహా బడి జోలికి రాకపోవడమే ఉభయులకూ మేలు.

నేను ముందుగా ఊహించనిది ఒకటుంది: మాకంటే ఎక్కువ సర్దుకుపోవలసి వచ్చేది ఇక్కడి కాథలిక్ కుటుంబాలకు. గ్వాదలహారా ఉన్న హలిస్కో రాష్ట్రం కాథలిక్ సంప్రదాయానికి పెట్టింది పేరు. అక్టోబరు 12న సపోపాన్ మరియమాత ఊరేగింపుకు లక్షలాది మంది తరలివస్తారు, నవంబరు ఆరంభంలో పితృదేవతలను తలచుకునే మన మహాలయ పక్షం లాంటి పండుగకు ఇక్కడ చాలా బడులు చనిపోయినవారి పేరిట బంతిపూలతో వేదికలు కడతాయి. ప్రొటెస్టెంటులు నడిపే మా పిల్లల బడిలో వేదిక ఉండదు, హాలోవీన్ వేషాలూ ఉండవు; పంటల పండుగ పేరుతో ఆటపాటలు పెడతారు. దీపావళి గురించి మా అమ్మాయిని తరగతిలో మాట్లాడనిచ్చారు. పూజ సంగతులు వద్దని, దీపాలు, పిండివంటలు, కుటుంబం గురించి చెప్పమని టీచరు ముందే మర్యాదగా సూచించారు. మెక్సికోలో 1992 నాటి రాజ్యాంగ సవరణకు ముందు ప్రైవేటు ప్రాథమిక పాఠశాలల్లో కూడా మతబోధకు చట్టం ఒప్పుకునేది కాదు. ఆ చరిత్ర తెలిస్తే ఈ బడులు రాతకోతల దగ్గర అంత జాగ్రత్తగా ఎందుకుంటాయో అర్థమవుతుంది.

ఈ రెండు చదువుల మధ్య రాపిడి సైన్సులో కనబడుతుంది. సెప్ ప్రకారం సెకుందారియా (ఏడు నుంచి తొమ్మిది తరగతులు) మొదటి సంవత్సరంలో, అంటే ఏడో తరగతిలో, జీవశాస్త్రం ఉంటుంది. అందులో డార్విన్ పరిణామ సిద్ధాంతం ఉంటుంది. మా అబ్బాయి దాన్ని స్పానిష్ పుస్తకంలో చదివి పరీక్ష రాశాడు. అదే ఏడాది బైబిలు తరగతిలో సృష్టి గురించి ఇంగ్లిషులో వ్యాసం రాశాడు. ఇంగ్లిషు సైన్సు టీచరు పరిణామాన్ని ‘కొందరు శాస్త్రవేత్తల అభిప్రాయం’ అని చెప్పి ముగించడం నాకు సమ్మతం కాలేదు. ఆ పాఠం ఇంట్లో మళ్లీ చెప్పుకున్నాము. ఈ పాఠశాలకు నేను మార్కులు తగ్గించేది ఇక్కడే.

మేము ఇంగ్లిషు కోసమని ఫీజు కట్టాము గాని, పిల్లలకు దక్కిన అసలు లాభం స్పానిష్. ఇంగ్లిషు వాళ్లకు ఎక్కడున్నా వచ్చేదే. కిండర్‌గార్టెన్‌లో చేరిన అమ్మాయి ఏడాది తిరిగేసరికి ఆటస్థలంలో స్పానిష్‌లోనే పోట్లాడుకునే స్థితికి వచ్చింది. త, ద, ప వంటి హల్లులు మన తెలుగులో పలికినట్టే పలుకుతారు కాబట్టి ఉచ్చారణ మన పిల్లలకు కష్టం కాదు. అమెరికన్ పిల్లలు తంటాలు పడే ర ఒత్తు మన ‘కర్ర’, ‘బుర్ర’లలో ఉన్నదే. చిక్కంతా రాతలో వస్తుంది. వారం వారం డిక్టేషన్ పెడతారు. బి, వి ఒకేలా వినబడతాయి, హెచ్ అసలు పలకరు, అక్షరం నెత్తిన స్వరచిహ్నం మరిచిపోతే మార్కు పోతుంది. మూడో తరగతిలో చేరిన అబ్బాయికి ఈ డిక్టేషన్లే మొదటి రెండేళ్లు నరకం చూపించాయి. పాఠశాలలో ఇంగ్లిషు రానివారికి ప్రత్యేక సహాయ తరగతులు పకడ్బందీగా ఉన్నాయి, స్పానిష్ రానివారికి మాత్రం అంత శ్రద్ధ లేదు. బయట ట్యూషను పెట్టించక తప్పలేదు. నాలుగో తరగతి దాటాక చేరే పిల్లలకు ఈ ఖర్చు కూడా బడి ఫీజులో భాగమనే లెక్క వేసుకోవాలి.

గణితం గురించి మనవాళ్ల ఫిర్యాదు అందరికీ తెలిసిందే: నెమ్మదిగా నడుస్తుంది, ఎక్కాలు వల్లె వేయించరు. పైగా భాగహారం దగ్గర ఒక తమాషా జరిగింది. అమెరికన్ టీచరు ప్రతి తీసివేతనూ కింద రాసి చూపమంటుంది. స్పానిష్ ట్యూషను మాస్టారు మెక్సికో పద్ధతిలో తీసివేతను మనసులో చేసి శేషం మాత్రమే రాయమంటారు. నేను ఇంట్లో నేర్పింది మరొకటి. అబ్బాయి కొన్నాళ్లు మూడింటినీ కలిపేశాడు. అయితే లెక్క ఎందుకలా వచ్చిందో మాటల్లో రాయమని అడిగే అలవాటు వల్ల ఇప్పుడు ఆల్జీబ్రాలో వాడి పట్టు బాగుంది. ఇంటర్‌లో ఎంపీసీ, జేఈఈ అనుకునేవారు మాత్రం ఎనిమిదో తరగతి లోపే ఇండియా చేరుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఇక్కడే పన్నెండు పూర్తి చేసి ఇండియా కాలేజీలకు వెళితే ఏఐయూ (భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం) నుంచి సమానత్వ ధ్రువపత్రం తెచ్చుకోవాలి, రెండు తెలుగు రాష్ట్రాల ప్రవేశాల్లో చదువు ఆధారంగా వచ్చే స్థానికత చేజారుతుంది. మధ్యలో వెళ్లేవారికి సెప్ ఇచ్చే ప్రిమారియా (ఆరో తరగతి వరకు ఉండే ప్రాథమిక విద్య) సర్టిఫికెట్టు పనికొస్తుంది. అది ప్రభుత్వ పత్రం కాబట్టి అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా ధ్రువీకరణ ముద్ర, వేయించుకోవచ్చు.

టీచర్ల విషయంలో పెద్ద లోటు, అమెరికా నుంచి వచ్చేవారు రెండేళ్లకో మూడేళ్లకో వెళ్లిపోవడం; మెక్సికన్ టీచర్లే నిలకడగా ఉన్నారు, పిల్లలను పేరుపేరునా ఎరిగినవారూ వారే. సోమవారం జెండా వందనంలో కుడిచేతిని గుండెకు అడ్డంగా, అరచేయి కిందికి ఉండేలా పెట్టి జెండాకు వందనం చేయడం, జాతీయగీతం పాడడం మా పిల్లలకు వారే నేర్పారు. శాకాహారులు క్యాంటీను మీద ఆధారపడకపోవడమే మంచిది. చిక్కుడు గింజల ముద్దలో పందికొవ్వు, పుట్టినరోజు జెల్లీలో జెలటిన్ ఉంటాయి. మేము డబ్బా కట్టే పంపుతాము.

ఫీజు అమెరికన్ అంతర్జాతీయ బడుల స్థాయి కంటే తక్కువే గాని తేలికైనది కాదు. ప్రవేశ రుసుము ఏటా కట్టాలి, అది కాక నెలవారీ వాయిదాలు. ఈ వాయిదాలకు 2011 నుంచి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది: ఏడాదికి ప్రీస్కూలుకు 14,200 పెసోలు, ప్రిమారియాకు 12,900, సెకుందారియాకు 19,900, ప్రెపాకు (పది నుంచి పన్నెండు తరగతులు) 24,500 వరకు. నగదుగా కడితే మినహాయింపు రాదు, బ్యాంకు ద్వారానే కట్టాలి. బిల్లు మీద బిడ్డ సీయూఆర్‌పీ (మెక్సికో ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) నంబరు ఉండాలి. ప్రవేశ రుసుముకు ఇది వర్తించదు. ఏప్రిల్‌లో రిటర్ను వేసే తెలుగువారిలో ఈ సంగతి తెలియనివారు నాకు చాలామంది తగిలారు. మరుసటి ఏడాదికి సీటు ఖాయం చేసుకునే సొమ్ము చలికాలంలోనే అడుగుతారు, కంపెనీ బదిలీ కబురు వేసవిలో వస్తుంది. కట్టింది వెనక్కి ఇవ్వరు. అబ్బాయిని ప్రెపా పూర్తయ్యేదాకా ఇక్కడే ఉంచుతున్నాము. అమ్మాయి విషయం ఆరో తరగతి సర్టిఫికెట్టు చేతికొచ్చాక తేల్చుకుంటాము.