అక్టోబరులో బాతును దేన్నిబట్టి పోల్చాలి: రంగా, ముక్కా, రెక్కా?

దసరా వెళ్లిన వారం శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల గట్టు మీద నిలబడి నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: ‘వలస బాతులు 40. అన్నీ పెట్టలే.’ ఇంటికొచ్చి పెదనాన్నకి చూపించాను. లైసెన్సుతో వేట నడిచిన రోజుల్లో ఆయన తుపాకీ పట్టిన మనిషి. 1991లో వన్యప్రాణి చట్టాన్ని సవరించాక ఆ ముచ్చట ముగిసింది. నోట్‌బుక్ చూసి నవ్వి, ‘ఒరే, పోతుల్లేకుండా పెట్టలొక్కటే సైబీరియా నుంచి ఎగిరొచ్చీసినాయా? ఒళ్లు సూసి లెక్కెట్టినావేటి?’ అన్నాడు.

ఒళ్లు చూసే లెక్కపెట్టాను. తప్పంతా అక్కడే ఉంది.

ఉత్తరాన గుడ్లు పెట్టే కాలంలో పోతు బాతులు రంగులతో మెరిసిపోతుంటాయి. పెట్ట గుడ్ల మీద కూర్చోగానే చాలా జాతుల్లో పోతు పక్కకి తప్పుకుంటుంది, దాని ఒంటి ఈకలు రాలడం మొదలవుతుంది. తర్వాత రెక్కల్లోని పెద్ద ఈకలన్నీ ఒకేసారి ఊడిపోతాయి. మూడు నాలుగు వారాలు ఎగరలేదు. ఎగరలేని పక్షి తళతళలాడుతూ కూర్చుంటే నక్కకి కబురు పెట్టినట్టే కదా! అందుకే అచ్చం పెట్టలాంటి గోధుమ రంగు వేసుకుంటుంది. దీన్ని ఎక్లిప్స్ అంటారు, అంటే గ్రహణం. సూర్యుడికి గంటల్లో విడిచే గ్రహణం బాతుకి నెలలు పడుతుంది. మన దగ్గరికి సెప్టెంబరు, అక్టోబరుల్లో దిగేటప్పటికి చాలా పోతులు ఇంకా ఆ వేషంలోనే ఉంటాయి. సూదితోక బాతు, అదే పిన్‌టెయిల్, డిసెంబరుకల్లా చాలావరకు తేరుకుంటుంది. గార్గనీ అనే చిన్న వలస బాతైతే మరీ బద్ధకం, సంక్రాంతి దాటినా కొన్ని ముసుగు తియ్యవు. వీటికి తోడు ఆ ఏడాది పుట్టిన పిల్ల పోతులు కూడా పెట్టల్లాగే కనిపిస్తాయి.

కాబట్టి సీజన్ మొదట్లో రంగుకి నా మార్కు సున్నా. ఇక్కడే ఏడాదంతా ఉండే చిన్న ఈల బాతుకీ, ముక్కు కొస పసుపుగా ఉండే చుక్కమూతి బాతుకీ మాత్రం ఈ గొడవ లేదు. వాటిలో పోతూ పెట్టా దాదాపు ఒకేలా ఉంటాయి, కాలంతో వేషమూ మారదు.

నీళ్ల మీద కూర్చున్న బాతుకి ముక్కే మేలు. షావలర్ అనే వలస బాతు ముక్కు చెంచాలా ఉంటుంది, గ్రహణమైనా పున్నమైనా అది దాగదు. పిన్‌టెయిల్ పోతుకి ముక్కు పక్కలు నీలంగా, మధ్యలో నల్ల గీత ఉంటాయి. పెట్టకి అంతా బూడిద రంగే. మన పెంపుడు బాతుల మూలజాతి మల్లార్డ్‌లోనూ అంతే: ఒళ్లు మారినా పోతు ముక్కు పసుపు పచ్చగానే ఉంటుంది, పెట్టది నారింజ మీద నల్ల మరకలు. ఇబ్బందల్లా ఎదురెండలో ముక్కు నల్లగానే కనబడుతుంది. మధ్యాహ్నమైతే సగం బాతులు ముక్కుని వీపు ఈకల్లో దూర్చి పడుకుంటాయి. రెండు గంటలు నిలబడితే మనకీ నిద్రొస్తుంది.

ఇక రెక్క. ఒంటి ఈకలు ఏడాదికి రెండుసార్లు మారతాయి, ఎగిరే ఈకలు మాత్రం ఒక్కసారే. అంటే ముసుగులో ఉన్న వయసొచ్చిన పోతుకి కూడా రెక్క అసలు రెక్కే. గాడ్వాల్ బాతుకి రెక్క వెనక అంచున తెల్ల చదరం, వయసొచ్చిన విజియన్ బాతు పోతుకి భుజం మీద తెల్ల పట్టా, గార్గనీ పోతుకి నీలిబూడిద భుజం. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో చిన్న టీల్ బాతుల వేట సెప్టెంబరులోనే మొదలవుతుంది. ఏ జాతివి ఎన్ని కొట్టొచ్చో అక్కడ లెక్క ఉంటుంది, మల్లార్డ్ పెట్టలకైతే విడిగా పరిమితి. పొరపడితే జరిమానా. అందుకే ఇల్లు చేరేదాకా పక్షికి తల గానీ ఈకలతో ఒక రెక్క గానీ ఉంచి తీరాలని రూలు. ఎంపికైన వేటగాళ్లు రెక్కలు పోస్టులో ప్రభుత్వానికి పంపుతారు కూడా. నిపుణులు ఒక్క రెక్క చూసి జాతి, ఆడామగా, వయసు చెప్పేస్తారు. మనకి తుపాకీ లేదు, లెక్క ఉంది, కిటుకు మాత్రం అదే.

రెక్కకి లోపం లేదా అంటే ఉంది. బాతు కూర్చుంటే రెక్క మీది రంగు పట్టీ కనబడదు, ఎగిరితే రెండు సెకన్లు. కెమెరాలో వరసగా ఫొటోలు తియ్యడమే దారి. ఫోన్‌తో నా వల్ల కాలేదు.

గొంతు సంగతి పెద్దగా చెప్పను. ఈల బాతుని చీకట్లో కూడా ఈలతో పట్టేయొచ్చు, మిగతావి పగలు చాలాసేపు నోరు మెదపవు.

ఒక్కటే ఎంచుకోమంటే రెక్క అంటాను. తర్వాతి ఆదివారం అదే గట్టు మీద ఉండగా గద్ద ఒకటి కిందికి దిగింది, మంద మొత్తం లేచింది. నీలి భుజాలు పదకొండు లెక్కపెట్టి, గార్గనీ పోతులు పదకొండని సంబరంగా రాసేశాను. రాత్రి ఫొటోలు పెద్దవి చేసి చూస్తే వాటిలో నాలుగు బాతులకి ముందు చెంచా ముక్కు ఉంది. షావలర్ పోతుకీ భుజం నీలమే మరి. కొట్టేసి, ‘గార్గనీ పోతులు 7, షావలర్ పోతులు 4, మిగతావి తెలియదు’ అని దిద్దుకున్నాను.