హార్టికల్చర్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని డబ్బు అడిగితే కట్టకండి

పదో తరగతి, ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి మొక్కల నర్సరీలున్న ఊళ్లలో కొందరు ఏజెంట్లు తిరుగుతున్నారు. "హార్టికల్చర్ (తోటల పెంపకం), ల్యాండ్‌స్కేపింగ్ డిప్లొమా, వంద శాతం స్కాలర్‌షిప్, హాస్టల్ ఫ్రీ, చదువు అవ్వగానే ఉద్యోగం" అని పాంప్లెట్లు పంచుతున్నారు. మా కడియం వైపు ఇంటింటికీ వచ్చారు. మా అక్క వాళ్లు వీళ్లకి 22,500 రూపాయలు కట్టారు. స్కాలర్‌షిప్ రాలేదు, సీటు లేదు, డబ్బూ తిరిగి రాలేదు. ఇంకొకళ్లు పడకూడదని ఇది రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా అక్క, బావ ఇద్దరూ నర్సరీలో కూలికి వెళ్తారు. వాళ్లబ్బాయి చిన్నప్పట్నుంచి మొక్కలకి అంట్లు కట్టడం, కవర్లలో మట్టి నింపడం చూస్తూ పెరిగాడు. ఈ పనే చదువుకుని చేస్తానంటాడు. అలాంటి పిల్లాడున్న ఇంటికి వచ్చి "అక్కా, మీవాడి పేరు లిస్టులో ఉంది, సీట్లు అయిపోతున్నాయి" అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ముందు రిజిస్ట్రేషన్ అని 2,500 తీసుకున్నారు. తర్వాత "సాంక్షన్ అయిపోయింది, ఫైలు కదలాలంటే ప్రాసెసింగ్ ఫీజు కట్టాలి" అని 8,000. ఆ తర్వాత డిపాజిట్ అని 12,000, అది స్కాలర్‌షిప్‌తో పాటు తిరిగి వచ్చేస్తుందన్నారు. చివర్లో "అఫిలియేషన్ ఫీజు" అని ఇంకో 15,000 అడిగేసరికి అక్క నాకు ఫోన్ చేసింది.

నేను వెళ్లి కాగితాలన్నీ ముందు పెట్టుకుని చూశాను. సాంక్షన్ లెటర్ మీద మూడు సింహాల గుర్తు ఉంది, కానీ పక్కలకి సాగదీసినట్టు వెడల్పుగా ఉంది. కింద సంతకం ఉంది, సంతకం చేసిన మనిషి పేరు లేదు, హోదా లేదు. ఫైలు నంబరు లేదు. ఏ పథకం కింద ఇస్తున్నారో ఒక్క ముక్క లేదు, "హార్టికల్చర్ స్కాలర్‌షిప్ విభాగం" అని మాత్రమే ఉంది. పిల్లాడి ఇంటిపేరు తప్పు. ప్రభుత్వం లెటర్ అని నమ్మించడానికి ఆ బొమ్మ ఒక్కటే వాడారు.

లెటర్ కంటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది రసీదు. నోటితో డిపాజిట్ అన్న 12,000కి ఇచ్చిన రసీదు మీద "కౌన్సెలింగ్ సర్వీస్ చార్జీ" అని రాసి ఉంది. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "నాన్ రిఫండబుల్" (తిరిగి ఇవ్వరు) అని ఉంది. అంటే రేపు మనం గొడవపడితే చూపించడానికి వాళ్లు ముందే కాగితం సిద్ధం చేసుకున్నారు. వాళ్లు చెప్పే మాట వేరు, రాసే మాట వేరు. డబ్బు ఇచ్చే చోట ఎవరైనా సరే, రసీదు మీద దేనికని రాశారో అక్కడే నిలబడి చదవండి. డబ్బంతా ఫోన్‌పేలో ఒక మనిషి సొంత నంబరుకి వెళ్లింది, సంస్థ ఖాతాకి కాదు. అది ఇంకో గుర్తు.

అసలు వరస ఏంటంటే, సీటు ముందు, స్కాలర్‌షిప్ తర్వాత. గుర్తింపు ఉన్న కాలేజీలో చేరాక, ఆ అడ్మిషన్ ఆధారంగా స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెడతారు, కాలేజీ వాళ్లు వెరిఫై చేస్తారు. ఇంకా ఏ కాలేజీయో తేలకుండానే "స్కాలర్‌షిప్ సాంక్షన్ అయింది" అన్నారంటే ఆ మాట అబద్ధం.

ఆంధ్రాలో ఫీజు రీయింబర్స్‌మెంట్ జ్ఞానభూమి పోర్టల్ ద్వారా, తెలంగాణలో ఈపాస్ ద్వారా నడుస్తుంది. కేంద్రం స్కాలర్‌షిప్‌లకి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ఉంది. దరఖాస్తు పెట్టినందుకు ప్రభుత్వం రూపాయి కూడా తీసుకోదు. మహా అయితే మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి, కుల ధ్రువపత్రానికి అయ్యే చిన్న ఖర్చు, జెరాక్సుల ఖర్చు. తిరిగి ఇచ్చే డిపాజిట్ అనేది ఏ పథకంలోనూ లేదు. మన కులం, ఆదాయం, మార్కులు చూసి ఇచ్చేదాన్ని మధ్యలో ఎవడో "ఇప్పించడం" ఏంటి?

ఇంటర్‌లో బాగా మార్కులు వచ్చిన పిల్లలకి ఇంకో దారి కూడా ఉంది. బోర్డులో పై 20 పర్సంటైల్‌లో (వంద మందిలో పై ఇరవై మందిలో) ఉండి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే కేంద్రం సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ కింద డిగ్రీ మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000 ఇస్తుంది. ఇది రెగ్యులర్ డిగ్రీకే, డిప్లొమాకి రాదు. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ఆలిండియా కోటాలో వేరే రాష్ట్రం వ్యవసాయ యూనివర్సిటీలో చేరిన వాళ్లకి నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ ఉంది. మా ఏజెంటు ఈ రెండు పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పదో తరగతి పాసైన మావాడికి ఆ రెండిట్లో ఒక్కటీ వర్తించదు. పథకం నిజమైనది కావచ్చు, అది మన పిల్లాడికి వస్తుందా అన్నది వేరే సంగతి.

ఇక ఆ కోర్సు సంగతి. అడిగి అడిగి తెలుసుకుంటే అది డిస్టెన్స్‌లో ఇచ్చే ఏడాది సర్టిఫికెట్. దూరవిద్య కోర్సులకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. మేనేజ్‌మెంట్ కోటా సీట్లకీ రాదు, కాబట్టి "మేనేజ్‌మెంట్ సీటు, పైగా ఫుల్ రీయింబర్స్‌మెంట్" అని ఎవరైనా అంటే అక్కడే ఆపేయండి. ఆంధ్రా గ్రామ సచివాలయాల్లో విలేజ్ హార్టికల్చర్ అసిస్టెంట్ లాంటి ఉద్యోగాలకి హార్టికల్చర్ డిగ్రీ గానీ, రెండేళ్ల డిప్లొమా గానీ అడిగారు. ఇలాంటి సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. డబ్బు పోతే కష్టపడి సంపాదించుకుంటాం, పిల్లాడి ఏడాది పోతే ఎవరిస్తారు?

తోటల చదువు మీద ఇష్టమున్న పిల్లలకి మన దగ్గర మంచి దారే ఉంది. ఆంధ్రాలో తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమా, బైపీసీ చదివితే ఈఏపీసెట్ ర్యాంకుతో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్. ఆంధ్రాలో డిప్లొమా చేసిన వాళ్లు హార్టీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీఎస్సీలోకి వెళ్లొచ్చు. ల్యాండ్‌స్కేపింగ్ కావాలనుకునే వాళ్లు కంగారు పడక్కర్లేదు, బీఎస్సీలోనే అది పాఠంగా వస్తుంది, ఎమ్మెస్సీలో పూల సాగుతో కలిపి ప్రత్యేకంగా చదవొచ్చు. పల్లెల్లో చదివిన రైతు బిడ్డలకి బీఎస్సీ సీట్లలో కోటా కూడా ఉంది. నోటిఫికేషన్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో వస్తుంది, కౌన్సెలింగ్ యూనివర్సిటీయే చేస్తుంది, ఫీజు యూనివర్సిటీ ఖాతాకే కట్టాలి. ఈ మూడింట్లో ఎక్కడా ఏజెంటుకి పని లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం, వాళ్లు ఒరిజినల్ టీసీ, పదో తరగతి మెమో తీసుకుని దగ్గర పెట్టుకున్నారు. మిగతా డబ్బు కడితేనే ఇస్తామన్నారు. అసలు మనల్ని కట్టిపడేసేది అదే, ఇంకో కాలేజీలో చేరదామన్నా కాగితాలు ఉండవు. మేం స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. ఎస్సై గారు ఫోన్ చేసి మాట్లాడాక సర్టిఫికెట్లు తెచ్చి ఇచ్చారు. డబ్బుకి మాత్రం ఆ రసీదే చూపిస్తున్నారు, దాని మీద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాం. ఏ ఏజెంటుకీ, కన్సల్టెన్సీకీ మీ ఒరిజినల్స్ దగ్గర పెట్టుకునే హక్కు లేదు. జెరాక్సులే ఇవ్వండి, ఆధార్ జెరాక్సు మీద దేనికోసం ఇస్తున్నారో, తేదీ వేసి అడ్డంగా రాయండి. బ్యాంకు ఓటీపీ, ఏటీఎం పిన్ "స్కాలర్‌షిప్ ఖాతా లింకు చెయ్యడానికి" అని అడుగుతారు, చచ్చినా చెప్పొద్దు. ఖాతాకి ఆధార్ లింకు చేయించుకోవాలంటే మన బ్యాంకుకి మనమే వెళ్లాలి.

ఇప్పటికే ఆన్‌లైన్‌లో కట్టేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. అది సైబర్ నేరాల నంబరు. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని అవతలి ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. రసీదులు, లెటర్లు, వాట్సాప్ మెసేజ్‌లు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు ఒక్కటీ తుడిచెయ్యొద్దు. సాగిపోయిన సింహాల గుర్తున్న అలాంటి లెటర్ మీ ఇంటికీ వచ్చి ఉంటే కామెంట్లో ఊరు పేరు రాయండి. అందరం కలిసి ఒకే ఫిర్యాదు ఇద్దాం.