‘4 జీబీ గ్రాఫిక్స్ కార్డు’ అన్న మాట విని డబ్బు కట్టకండి

పండగకు పిల్లలకు గేమింగ్ కంప్యూటర్ కొనిపెట్టాలనుకుంటున్న గోదావరి జిల్లాల వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ‘ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఏ గేమైనా అల్ట్రాలో, రూ. 38,000 మాత్రమే’ అని ఎక్కడైనా బోర్డు కనిపిస్తే కాస్త ఆగండి. గ్రాఫిక్స్ కార్డు అంటే తెర మీద బొమ్మలు గీసే భాగం, అల్ట్రా అంటే బొమ్మ నాణ్యతలో అన్నిటికన్నా పై సెట్టింగు. ఐ7, 16, 4 అన్న మూడు మాటలూ నిజమే. ఆ నిజాల చాటునే మోసం జరుగుతోంది.

భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడికి మా బావగారు రాజమహేంద్రవరంలోని ఒక దుకాణంలో అలాంటిదే ఒకటి కొన్నారు. అద్దం తలుపు వెనక ఎరుపు, నీలం ఫ్యాన్లు తిరుగుతున్నాయి. తెర మీద ‘సైబర్‌పంక్ 2077’ గేములోని నగరం ధగధగలాడుతోంది. కుర్రవాడు మౌస్ మీద చెయ్యి వేయబోతే, “ఇందులో సేవ్ లేదు తమ్ముడూ, ఇంటికి వెళ్లి తీరిగ్గా ఆడుకో” అని దుకాణదారు కట్టేశాడు. “కళ్లు మూసుకుని తీసుకెళ్లండి సార్” అని మా బావగారికి భరోసా కూడా ఇచ్చాడు. వాళ్లు చూపించింది ఆట కాదు, ఎవరో రికార్డు చేసిన వీడియో. ఆ ఫైలును తుడిచేసే ఓపిక కూడా లేకపోయినట్టుంది, డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉంది!

ఇంట్లో అసలు ఆటను అల్ట్రాలో తెరిస్తే బొమ్మ కదలదు. సెట్టింగులన్నీ కిందికి దించి, రిజల్యూషన్ 1280×720కి తగ్గించినా కారు ఒక స్తంభం దగ్గర మాయమై ఇంకో స్తంభం దగ్గర తేలుతోంది. నన్ను పిలిచారు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచాను. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) అన్న చోట ‘జీఫోర్స్ జీటీ 730’ అని ఉంది. అది 2014 నాటి కార్డు. కొత్త గేములకు తగ్గట్టు దానికి డ్రైవర్లు (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం చిప్ తయారీదారు ఎన్విడియా 2021లోనే ఆపేసింది. ప్రాసెసర్ ఐ7-3770, అంటే 2012 నాటి మూడో తరం. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతిస్తుంది. ఇందులో అడ్డదారిన ఎక్కించారు.

కార్డులో 4 జీబీ మెమరీ ఉన్న మాట వాస్తవమే. కానీ అది డీడీఆర్3 రకం, 64 బిట్ దారి. సెకనుకు సుమారు 14 జీబీ మాత్రమే అందుతుంది. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650కి కూడా 4 జీబీయే, కానీ అందులో సెకనుకు 128 జీబీ పారుతుంది. చెరువు ఎంత పెద్దదైతే ఏం లాభం, తూము సన్నదైతే చేను ఎండాల్సిందే. అందుకే ‘ఎన్ని జీబీలు’ అని అడిగి ఊరుకోకండి. చిప్ పేరేమిటో, నంబరేమిటో అడగండి.

ఇక ‘అల్ట్రా’ సంగతి. సైబర్‌పంక్ తయారీదారులు 1080పీ (1920×1080) రిజల్యూషన్‌లో ‘లో’ (అన్నిటికన్నా కింది) సెట్టింగులకు, సెకనుకు 30 ఫ్రేములకు కనీసంగా చెప్పిన కార్డు జీటీఎక్స్ 1060, 6 జీబీ. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్’ గేముకైతే రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టి చూపడం) చేయగల కార్డు లేనిదే కుదరదు, కనీసం ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ కావాలి. జీటీఎక్స్ 1650 తీసుకుంటే 1080పీలో పాత గేములు హాయిగా, కొత్తవి ‘లో’, ‘మీడియం’లలో సర్దుకుని ఆడుకోవచ్చు. ‘హై’ సెట్టింగు కావాలంటే ఆర్‌ఎక్స్ 6600 లాంటి 8 జీబీ కార్డు చూడండి, రే ట్రేసింగ్ మాత్రం ఆపేసుకోవాలి. ఆర్‌టీఎక్స్ 3050లోనూ ఒక మెలిక ఉంది. 8 జీబీ రకంలో లెక్కలు చేసే కోర్లు 2,560 ఉంటే, 2024లో వచ్చిన 6 జీబీ రకంలో 2,304 మాత్రమే. పేరు ఒకటే కదా అని ఒకే ధర పెట్టకండి. తక్కువ బడ్జెట్ కంప్యూటర్ కొనడం తప్పేమీ కాదు, దానితో అల్ట్రా ఆశ పెట్టి అమ్మడమే తప్పు.

“తర్వాత మంచి కార్డు వేసుకోవచ్చు” అన్న మాటనూ నమ్మకండి. మూత తీసి చూశాను. 500 వాట్లని అచ్చువేసిన ఊరూపేరూ లేని ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె), చేత్తో ఎత్తితే ఖాళీ డబ్బాలా తేలిపోయింది. ఆర్‌ఎక్స్ 6600కు కావలసిన ఎనిమిది పిన్నుల వైరే దానికి లేదు. పైగా రొయ్యల చెరువుల మీద ఏరేటర్లన్నీ తిరిగే వేళ మా ఊళ్లలో వోల్టేజీ ఎలా ఊగుతుందో మీకు తెలిసిందే. అలాంటి చోట ఇది ఎప్పుడు ఏం కాల్చుతుందో చెప్పలేం.

తిరిగి వెళ్లి అడిగితే, రూ. 4,000 అదనంగా ఇస్తే ‘1050 టీఐ’ అనే కార్డు వేస్తామన్నారు. మా వాడు అక్కడే జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపాడు. పేరు ముందు ‘ఫేక్’ అని చూపించింది. పాత చిప్పు బయోస్ (కార్డు లోపలి ప్రోగ్రామ్) మార్చి కొత్త పేరు పెట్టిన కార్డులను అది ఇట్టే పట్టేస్తుంది. దుకాణదారు మారు మాట్లాడకుండా కార్డు ఊడదీసి సొరుగులో పడేశాడు. ఇంకొకరికి అమ్ముతాడనే నా అనుమానం.

కాబట్టి డబ్బు కట్టక ముందే టాస్క్ మేనేజర్ మీరే తెరవండి, జీపీయూ-జెడ్ నడపండి, ఆటను మీ పిల్లల చేతే ఆడించండి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా కార్డుకే తగిలించి ఉందో లేదో వెనక్కి వంగి చూడండి. మా బిల్లులో ‘గేమింగ్ పీసీ - 1’ అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ లేదు. మీ బిల్లులో ప్రాసెసర్, కార్డు, ఎస్ఎంపీఎస్‌ల పూర్తి పేర్లు, సీరియల్ నంబర్లు, జీఎస్టీ నంబరు రాయించండి. రాయమంటే నసిగే చోట కొనకండి.

మా బావగారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామంటున్నారు. రూ. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు. రూ. 10,000 కోసుకుని వెనక్కి తీసుకుంటామని దుకాణం వాళ్లు కబురు పంపారు. ఆయన ఒప్పుకోలేదు.