ఎలుగు మీద గౌరవం: పోస్టరా, కథా, పనా?

అమెరికా, కెనడాల మధ్య మహా సరస్సుల చుట్టూ ఉండే ఒజిబ్వే వాళ్ళు ఎలుగుని మక్వా అంటారు. దాని మీద, అడవి మీద పిల్లలకి గౌరవం నేర్పడానికి వాళ్ళ దగ్గర ఇప్పుడు మూడు దారులు కనిపిస్తాయి. మూడూ మంచివే అని తప్పించుకోవచ్చు గానీ, నా లెక్కలో మూడూ ఒకటి కావు.

మొదటిది తరగతి గోడ మీది పోస్టర్. 'ఏడుగురు తాతల బోధనలు' పేరుతో ఒక్కో గుణానికి ఒక్కో ప్రాణి బొమ్మ ఉంటుంది. ప్రేమకి గద్ద, వినయానికి తోడేలు, ధైర్యానికి ఎలుగు. (గౌరవం మాత్రం బైసన్, అంటే అమెరికా అడవిదున్న, వాటాకి పోయింది.) మినియాపొలిస్ లాంటి నగరంలో అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్లలకీ ఇది అందుతుంది. కానీ 'ఎలుగు – ధైర్యం' అని జతపరిస్తే పని అయిపోతుంది.

రెండోది కథ. నానబోజో అంటే ఒజిబ్వే కథల్లోని మాయల నాయకుడు. అతని కథలు నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పాలన్నది పాత కట్టుబాటు. అడగ్గానే చెప్పరు, చలికాలం దాకా ఆగాల్సిందే. సరిగ్గా ఆ నెలల్లోనే ఎలుగు నిద్రలో ఉంటుంది, జనవరిలో అరకిలో కూడా తూగని పిల్లల్ని కంటుంది. కథతో పాటే వంశం సంగతీ తెలుస్తుంది. వాళ్ళ వంశాలకి ఎలుగు లాంటి ప్రాణుల పేర్లుంటాయి. మన గోత్రంలాగే అది తండ్రి వైపు నుంచి వస్తుంది, ఒకే వంశం వాళ్ళు పెళ్ళాడరు. ఎలుగు వంశం వాళ్ళు ఊరికి కాపలా, మందుమొక్కల జాడ కూడా వాళ్ళకే బాగా తెలుసంటారు. ఇక ఆ ఇంటి పిల్లాడికి ఎలుగు చుట్టమే.

మూడోది పని. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో హేవర్డ్ దగ్గర ఒజిబ్వే భాషలోనే చదువు చెప్పే బడి పిల్లల్ని వసంతంలో తీపి రసం తీయడానికి మేపుల్ చెట్ల దగ్గరికి, వేసవి చివర్లో మనోమిన్ కోతకి తీసుకెళ్తుంది. మనోమిన్ అంటే సరస్సులో తనంతట తాను పండే ధాన్యం. పడవలో ఒకరు గెడ వేస్తుంటే ఇంకొకరు రెండు కర్రలతో వెన్నుల్ని మెల్లగా తడతారు. నీళ్ళలో రాలిన గింజ పైయేటికి విత్తనం కాబట్టి గట్టిగా కొట్టకూడదు. ఏది తీసుకునే ముందైనా చిటికెడు పొగాకు సమర్పిస్తారు.

ఈ గౌరవం అంటే చంపకపోవడం కాదు. 1764 జనవరిలో అలెగ్జాండర్ హెన్రీ అనే వర్తకుడు తాను ఉంటున్న ఒజిబ్వే కుటుంబం కోసం ఓ ఆడ ఎలుగుని కాల్చాడు. ఇంటి పెద్దావిడ దాని తల చేతుల్లోకి తీసుకుని ముద్దాడి, నాయనమ్మా అని పిలిచి క్షమాపణ అడిగింది. పైగా, చంపింది మేం కాదు, ఈ ఇంగ్లీషువాడే అని సర్దిచెప్పింది! అలాంటిది కళ్ళారా చూసిన పిల్లలకి వేరే పాఠం ఎందుకు?

పనితో చిక్కల్లా పెద్దలు కావాలి, సరస్సు కావాలి, తీరిక కావాలి. అయినా పట్నంలో కూడా కొంత వీలుంది. చెత్తడబ్బా మూత బిగించడం, పక్షుల దాణా బయట వేలాడదీయకపోవడం లాంటివి పిల్లలకే అప్పగించవచ్చు. ఆ చెత్తకీ దాణాకీ అలవాటుపడి ఇళ్ళ మధ్యకి వచ్చే ఎలుగుని చివరికి కాల్చేస్తుంటారు మరి.

వారానికి ఒక్క గంటే దొరికితే పోస్టర్ తీసేసి కథ చెప్పిస్తాను. సెప్టెంబరులో ఒక్క పూట సరస్సు దొరికిందా, రెండూ మానేసి పడవెక్కిస్తాను.