చెప్పి వెళ్లడమా, కన్నుగప్పి వెళ్లడమా?

క్రెష్‌లో బిడ్డ బొమ్మల్లో పడగానే గుమ్మం దాటేయడం చాలామందికి అలవాటు. ఏడుపు కంటపడదు, ఆఫీసుకు ఆలస్యం కాదు. కానీ రెండు నిమిషాలకు తలెత్తిన బిడ్డకు అమ్మ కనబడదు. అమ్మ ఎప్పుడు మాయమవుతుందో తెలియని పిల్ల మర్నాడు బొమ్మ ముట్టదు, చున్నీ వదలదు. ఇంట్లో అమ్మ స్నానానికి వెళ్లినా తలుపు దగ్గరే కాపలా కూర్చుంటుంది. ఏడుపు తప్పలేదు, మన చెవిన పడలేదంతే. నిద్రలో ఉండగా వెళ్లిపోవడమూ ఇలాంటిదే.

చెప్పి వెళితే ఏడుపు మన కళ్లెదుటే మొదలవుతుంది. సుమారు 8 నెలలకు మొదలై, 10–18 నెలల మధ్య ముదిరే ఈ బెంగ ఎదుగుదలలో భాగమే. అందుకే నా ఓటు చెప్పి వెళ్లడానికే.

కింద కూర్చుని, కళ్లలోకి చూస్తూ, రోజూ ఒకే మాట: "అమ్మ ఆఫీసుకెళ్తోంది. నువ్వు నిద్రలేచి పాలు తాగాక వస్తుంది." "అయిదింటికి" అంటే రెండేళ్ల పిల్లకు అర్థం కాదు. ముద్దు పెట్టి, ఆయమ్మ చేతికిచ్చి, టాటా. రెండు నిమిషాలు దాటకూడదు. ఎక్కువగా చెడేది ఇక్కడే: ఏడుపు విని గుమ్మం నుంచి వెనక్కి వస్తే, వీడ్కోలు మళ్లీ మొదటికొస్తుంది, బెంగ రెట్టింపవుతుంది.

అమెరికాలోని బాల్టిమోర్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఐన్స్‌వర్త్ ఏడాది పిల్లల్ని గమనించినప్పుడు, తల్లి వెళ్లినప్పటి ఏడుపు కన్నా ఆమె తిరిగొచ్చాక బిడ్డ తీరుకే ఎక్కువ విలువిచ్చారు. సాయంత్రం మీరూ అదే చూడండి: హత్తుకుని, కాస్త ఊరడిల్లి, మళ్లీ ఆటలో పడుతోందా?